జుట్టు రాలడం కంటే దాన్ని దాచుకుంటూ తిరగడమే ఎక్కువ అలసటగా ఉంది

వంశధార_గట్టు (గుణుపురం)

నాకు 27. మాది గుణుపురం, పని రాయగడలో, ఆదివారాలు ఇంటికొస్తాను. కాలేజీ అయ్యేటప్పటికే నుదురు రెండు పక్కలా వెనక్కి జరిగింది, ఇప్పుడు నడినెత్తి కూడా పలచబడి ట్యూబ్‌లైటు కింద కూర్చుంటే మాడు కనిపిస్తోంది. ఏ నూనె రాయాలి, ఏ మాత్ర వేసుకోవాలి అని అడగడానికి ఇది రాయడం లేదు, అవి యూట్యూబ్‌లో కుప్పలుగా ఉన్నాయి.

పొద్దున్న లేచిన దగ్గర్నుంచి నా బుర్రలో సగం ఇదే పని. బస్సులో కిటికీ పక్క సీటు వద్దు, గాలికి పక్కకి దువ్విన జుట్టు లేచిపోతుంది. పెళ్ళిళ్ళలో ఫ్యాను కింద కుర్చీ వద్దు. ఫొటో అంటే వెనక వరస. వానాకాలం వస్తే టెన్షన్, తడిస్తే మొత్తం తెలిసిపోతుంది. టోపీతో ఆఫీసుకి వెళ్ళి, బాత్రూంలో అద్దం చూసి సర్దుకుని అప్పుడు సీట్లో కూర్చుంటాను. అక్కడి ఒడియా కుర్రాళ్ళు నన్ను ‘చందా’ అని పిలుస్తారు, ఒడియాలో బట్టతలవాడని అర్థం, కోపంతో కాదు, వాళ్ళకి అలవాటైపోయింది అంతే. నవ్వేసి ఊరుకుంటాను, రూముకొచ్చాక అన్నం తినబుద్ధి కాదు.

ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అమ్మ పలాస వాళ్ళకి పంపిన ఫొటో డిగ్రీ చదివేటప్పటిది. దసరా వెళ్ళాక చూడ్డానికి వస్తామన్నారు, ఆ రోజు నేను గుమ్మంలోకి రాగానే వాళ్ళ ముఖాలు ఎలా మారతాయో ఇప్పటినుంచే కళ్ళకు కడుతోంది. నాన్నకి నలభై దాటకుండానే బట్టతల, మేనమామకీ అంతే, ఇద్దరూ హాయిగా బతుకుతున్నారు. ‘మగాడికి జుట్టుతో పనేంట్రా’ అంటాడు నాన్న. నిజమే కావచ్చు, కానీ ఆ మాట విన్నప్పుడల్లా బాధపడటం కూడా నా తప్పేనేమో అనిపించి ఇంకా ముడుచుకుపోతున్నాను.

ఇది దాటినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఎలా దాటారో చెప్పండి.

నాగావళి_నీళ్ళు (రాయగడ)

తమ్ముడూ, నీది చిన్న బాధ అని ఎవరైనా అంటే వినకు. రోజూ అద్దంలో చూసుకునే ముఖం మన చేతిలో లేకుండా మారిపోతుంటే దిగులు రాకుండా ఎలా ఉంటుంది. మీ నాన్నగారు ప్రేమతోనే అన్నారు, అయినా ఆ మాట నీకు పనికొచ్చేది కాదు.

నాకు 41. పూర్తిగా తీయించేసుకుని చాలా ఏళ్ళైంది. ‘గుండు కొట్టించేయ్, గోల వదిలిపోతుంది’ అని సిటీ వాళ్ళు తేలిగ్గా చెప్తారు, మన ఇళ్ళల్లో అదంత తేలిక కాదు. నేను గుండుతో ఇంటికెళ్ళిన రోజు మా అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. తండ్రి బతికుండగా, మొక్కు లేకుండా కొడుకు గుండేమిటని ఏడుపు. వీధిలో ఇద్దరు ముగ్గురు నాన్నకి ఏమైందోనని కంగారుగా వచ్చి పలకరించి వెళ్ళారు, నాన్న వాళ్ళకి తనే టీ ఇచ్చాడు. చివరికి అమ్మే దారి చెప్పింది. తర్వాతిసారి సింహాచలం తీసుకెళ్ళి అప్పన్నకి తలనీలాలు ఇప్పించింది, ఎవరడిగినా స్వామికిచ్చాడని చెప్పుకుంది. ఇప్పుడు ట్రిమ్మర్‌కి ఒకటో నంబరు పెట్టి వారానికోసారి తీస్తాను, నున్నగా ఉండదు కాబట్టి పెద్దవాళ్ళకీ అభ్యంతరం లేదు.

నువ్వూ గుండు చేయించుకోవాలని నేననడం లేదు. దాచడం మానేశాక నాకు ఊపిరాడింది, అదొక్కటీ చెప్పాలనిపించింది. వానొస్తే వాన, గాలొస్తే గాలి. దానికి నువ్వు ఏ దారిన వస్తావన్నది నీ ఇష్టం.

పట్టునేత (బరంపురం)

మగవాళ్ళ మాటల మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. నాకు 34, పెళ్ళైంది, ఒక బాబు. పీసీఓఎస్ అని అండాశయాల హార్మోన్ల సమస్య ఉంది, పాపిడి దగ్గర పలచబడుతూ పలచబడుతూ ఇప్పుడు వేలెడు వెడల్పయింది. మగవాడికి బట్టతల వస్తే అలాంటి మామయ్యో బాబాయో ప్రతి ఇంట్లో ఒకరుంటారు, చూసి చూసి కళ్ళకు అలవాటు. మాకు అలాంటివాళ్ళు ఎవరూ కనపడరు, ఉన్నా కొంగు కప్పుకునే ఉంటారు. ఆడదానికి ఇలా జరుగుతుందని నాకు నా తలని చూశాకే తెలిసింది.

ఫంక్షన్‌కి వెళ్తే పెద్దవాళ్ళు జడ చేతిలోకి తీసుకుని ‘అయ్యో, ఎంత జుట్టుండేదే నీకు’ అంటారు, అదీ పదిమందిలో. మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకి చుట్టాలంతా దిగుతారు, వాళ్ళందరికీ విడివిడిగా జవాబు చెప్పాలి. తిండి తినడం లేదా, షాంపూ మార్చావా, నీళ్ళు పడలేదా. సవరం పెట్టుకుంటే లాగుతుంది, ఉన్న నాలుగూ ఊడతాయి. పూలు పెట్టుకోవడం మానేశాను, నిలబడవు.

నాకు పనికొచ్చింది ఒక్కటే. అడిగినవాళ్ళందరికీ ఒకే మాట చెప్పడం నేర్చుకున్నాను: ‘నాకు హార్మోన్ల సమస్య ఉంది, డాక్టర్‌కి చూపిస్తున్నాను.’ అంతకు మించి వివరం లేదు, నవ్వు లేదు, క్షమాపణ లేదు. వెంటనే వాళ్ళ పిల్లల చదువు గురించి అడుగుతాను. మొదట్లో గొంతు వణికేది. ఇప్పుడు అడిగేవాళ్ళే తగ్గిపోయారు.

ఓపీ_సిస్టర్ (కోరాపుట్)

నేను స్టాఫ్ నర్సుని, చర్మ వ్యాధుల ఓపీలో చాలాకాలం పనిచేశాను. మనసు సంగతికి ముందు ఒక విషయం రాస్తాను, ఎందుకంటే సగం మంది తమకేమైందో తెలియకుండానే కుమిలిపోతుంటారు.

జుట్టు రాలడం ఒకటే జబ్బు కాదు. వంశధార తమ్ముడికి ఉన్నది వంశపారంపర్యంగా వచ్చే బట్టతలలాగే ఉంది. మగ హార్మోను నుంచి డీహెచ్‌టీ అనేది తయారవుతుంది, అది తగిలినప్పుడల్లా కొందరి వెంట్రుక కుదుళ్ళు చిన్నవైపోతూ సన్నటి నూగునే పుట్టిస్తాయి. ఈ గుణం అమ్మ వైపు నుంచీ రావచ్చు, నాన్న వైపు నుంచీ రావచ్చు. హెల్మెట్ వల్ల, మనూరి బోరు నీళ్ళ వల్ల ఇది రాదు. నీ తప్పు ఇందులో ఏదీ లేదు.

రెండోది జ్వరాల తర్వాత రాలడం. మా కోరాపుట్, మల్కన్‌గిరి వైపు మలేరియా, టైఫాయిడ్ ఎక్కువ కాబట్టి మా ఓపీకి ఇవే ఎక్కువ వచ్చేవి. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, తిండి మానేసి బరువు తగ్గడం, వీటిలో ఏది జరిగినా రెండు మూడు నెలల తర్వాత గుప్పెళ్ళతో రాలుతుంది. కోత అయ్యాక కొన్నాళ్ళు పొలం బీడుగా ఉన్నట్టే, కుదుళ్ళు చచ్చిపోవు, విశ్రాంతిలోకి వెళ్తాయంతే. చాలామందికి ఆరు నెలల్లో రాలడం దానంతటదే ఆగుతుంది. ఈ లోపల వేలకు వేలు పోసి నూనెలు కొంటారు, తర్వాత నూనె వల్లే ఆగిందనుకుంటారు. మూడోది పేనుకొరుకుడు. అది వేరే కథ, ఎవరైనా అడిగితే రాస్తాను.

ఆడవాళ్ళు తప్పకుండా రక్తంలో ఐరన్, థైరాయిడ్ చూపించుకోండి. జుట్టు కోసమని అందంగా పెట్టెల్లో వచ్చే బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకుంటుంటే థైరాయిడ్ పరీక్షకి ముందు ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి, రిపోర్టు తప్పుగా వచ్చే అవకాశం ఉంది. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే, దువ్వెనలో ఉన్నవి లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి. లెక్కపెట్టేవాళ్ళకి నిద్ర లేకుండా పోవడం నేను చూశాను.

అడ్మిన్

‘అడవి మూలికల నూనె, 21 రోజుల్లో గ్యారంటీ’ అని ఒకరు వాట్సాప్ నంబరుతో పెట్టిన పోస్టు తీసేశాం. ఇక్కడ బాధలో ఉన్నవాళ్ళు రాస్తున్నారు. ఇక్కడ అమ్మకాలు కుదరవు.

కత్తెర_దువ్వెన (పర్లాకిమిడి)

మా తాతల నుంచి ఇదే వృత్తి, రాజవీధి దగ్గర మా షాపు. ఇలాంటి కుర్రాళ్ళు రోజూ వస్తారు. కుర్చీలో కూర్చుంటారు, అద్దం వైపు చూడరు, ఫోన్ చూసుకుంటారు. ‘పైన ముట్టుకోకండి అన్నా, పక్కల మాత్రం కొంచెం తీయండి’ అంటారు. నాకు అప్పుడే తెలిసిపోతుంది.

పనివాడిగా చెప్తున్నాను, పైన పలచగా ఉన్నప్పుడు పక్కల గుబురుగా వదిలేస్తే పైన ఇంకా బోసిగా కనిపిస్తుంది. పక్కలు బాగా పొట్టిగా తీసి, పైన కూడా పొట్టి చేసి, పక్కకి దువ్వడం మానేసి ఎలా పడితే అలా వదిలేస్తే తేడా అంతగా తెలియదు. గెడ్డం బాగా వచ్చేవాళ్ళు దాన్ని శుభ్రంగా పెట్టుకుంటే చూపు అటు వెళ్తుంది. ఒక చెవి దగ్గర నుంచి ఇంకో చెవి దాకా జుట్టు పరిచి దువ్వేవాళ్ళకి నేనెప్పుడూ ఎదురు చెప్పను, అడిగితేనే చెప్తాను. మనిషి సిద్ధంగా లేనప్పుడు కత్తెర పెట్టకూడదు. రజనీకాంత్ బయట విగ్గు లేకుండా ఉన్న తలతోనే జనంలోకి వస్తాడు, ఆ ఫొటో చూపిస్తే కొందరికి ధైర్యం వస్తుంది, కొందరు ‘ఆయనకేంటి, రజనీకాంత్’ అంటారు. అదీ నిజమే.

ఇంకొకటి. షాపులో ఎవరైనా కుర్చీలో ఉన్నవాడి తల మీద జోకు వేస్తే నేను అక్కడే ఆపేస్తాను. ఆ కుర్చీలో ఉన్నంతసేపూ అతను నా మనిషి.

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ)

సిస్టర్, పేనుకొరుకుడు గురించి రాస్తానన్నారు కదా, దయచేసి రాయండి. మా బిడ్డకు తొమ్మిదేండ్లు. తల వెనక రూపాయి బిళ్ళంత నున్నగా అయింది, తర్వాత ఇంకోటి, ఇప్పుడు మూడు. మాది గడ్చిరోలి జిల్లా, పిల్ల మరాఠీ మీడియంలో చదువుతుంది. బడిలో పక్కన కూర్చునే పిల్లను వాళ్ళ అమ్మ వేరే బెంచీకి మార్పించింది, అంటుకుంటదని. మా బిడ్డ ఇంటికొచ్చి ‘అమ్మా, నా తలలో పురుగుందా’ అని అడిగింది. నేను ఏం చెప్పాలో తెలియక వంటింట్లోకి పోయి ఏడ్చిన. మా అత్తమ్మ గురిగింజ నూరి రాద్దామంటున్నది.

ఓపీ_సిస్టర్ (కోరాపుట్)

అమ్మా, గురిగింజ వద్దు, ఈ ఒక్క మాట ఇప్పుడే వినండి. ఆ గింజలో ఘోరమైన విషం ఉంటుంది. తల మీద చిన్న గీత ఉన్నా, పిల్ల ఆ చేయి నోట్లో పెట్టుకున్నా ప్రమాదం. మీ అత్తగారు మంచికే అంటున్నారు, వాళ్ళ కాలంలో అదే వాడారు, కానీ ఇంట్లో ఉంటే తీసి పారేయండి.

పేను కొరకడం వల్ల, పురుగు వల్ల ఇది రాదు. ఒంట్లో రోగాలతో పోరాడే శక్తి పొరపాటున సొంత వెంట్రుక కుదుళ్ళ మీదే పడుతుంది. అంటుకోదు. ఒకే దువ్వెన వాడినా, పక్కన పడుకున్నా అంటుకోదు. వందమందిలో ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది. చిన్న మచ్చలైతే చాలామందికి ఏడాది లోపలే జుట్టు తిరిగి వస్తుంది, మొదట తెల్లగా మొలిచినా భయపడకండి, తర్వాత రంగు వస్తుంది. కొందరికి మచ్చలు మళ్ళీ మళ్ళీ పడతాయన్నది కూడా నిజం, అది దాచి చెప్పను. పిల్లలకి తామర వల్ల కూడా ఇలాంటి మచ్చలు పడతాయి, అదైతే అంటుకుంటుంది, మందు కూడా వేరు. అందుకని ఒకసారి చర్మ డాక్టర్ కళ్ళతో చూడాలి.

బడికి డాక్టర్ దగ్గర ఒక చీటీ రాయించుకుని వెళ్ళండి, ‘ఇది అంటువ్యాధి కాదు’ అని. టీచర్ చేత అది క్లాసులో చదివించండి. మీ పాప అడిగినదానికి జవాబు: ‘పురుగు లేదు తల్లీ, నీ ఒంట్లో కాపలావాళ్ళు కొంచెం గందరగోళపడ్డారు, డాక్టర్ గారు వాళ్ళకి చెప్తారు.’ మా దగ్గరికొచ్చే పిల్లలకి నేను ఇలాగే చెప్పేదాన్ని.

కిన్వట్_కొండ (నాందేడ్ జిల్లా)

అంటుకుంటుందన్న భయం ఎంత దూరం పోతుందో మా మహారాష్ట్రలో ఈ మధ్యే చూశాం. 2025 జనవరిలో బుల్ధానా జిల్లా షేగావ్ వైపు ఊళ్ళల్లో ఉన్నట్టుండి చాలామందికి జుట్టు ఊడిపోయింది, కొన్ని రోజుల్లోనే బోడితలలు. కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ వాళ్ళు కూడా వచ్చారు. తిన్న గోధుమల్లో సెలీనియం అనే ఖనిజం ఎక్కువగా ఉందని పరీక్షలు చేయించిన ఒక డాక్టర్ బయటపెట్టారు. అసలే జుట్టు పోయింది, పైగా ఊరి పేరు చెప్తే జనం దూరం జరగడం. సిరొంచ అక్కా, మీ పాప క్లాసు విషయం గట్టిగా పట్టించుకోండి, ఊరుకోవద్దు.

జయపురం_జీడితోట (జయపురం)

అందరూ ఒప్పుకోవడం గురించే రాస్తున్నారు, నాకు ఒక అభ్యంతరం ఉంది. 27 ఏళ్ళ కుర్రాడికి ‘అలవాటు చేసుకో’ అని చెప్పేస్తే ఎలా? మందు ఉంది కదా. మినాక్సిడిల్ మొదట బీపీ మాత్రగా వచ్చింది, వేసుకున్నవాళ్ళకి ఒంటి మీద జుట్టు పెరగడం చూసి తలకి రాసే మందు చేశారు, 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఫినాస్టెరైడ్ మాత్రకి జుట్టు కోసం 1997లో అనుమతి వచ్చింది. నేను డాక్టర్ రాసిచ్చినట్టే వాడుతున్నాను, ఉన్నది ఆగింది, కొంచెం వచ్చింది కూడా. పోరాడకుండా వదిలేయడం నాకు నచ్చదు.

పట్టునేత (బరంపురం)

వదిలేయమని ఎవరన్నారండీ? నేనూ డాక్టర్ చెప్పిన మందు రోజూ రాత్రి రాసుకుంటాను. కానీ ‘జుట్టు వచ్చాక బతుకుదాం’ అనుకుంటే ఆ రోజు ఎప్పుడో ఎవరికీ తెలియదు. చెల్లి పెళ్ళికి కూడా ఫొటోలకి రాకుండా భోజనాల దగ్గరే ఉండిపోయినవాళ్ళు నాకు తెలుసు, ఆ పెళ్ళి మళ్ళీ జరగదు కదా. మందు దారి మందుది, బతుకు దారి బతుకుది, రెండూ ఒకే రోజు మొదలుపెట్టొచ్చు.

ఓపీ_సిస్టర్ (కోరాపుట్)

జయపురం అన్నగారికి: మీకు పనిచేసినందుకు సంతోషం, చదివేవాళ్ళ కోసం కొంచెం కలుపుతాను. మినాక్సిడిల్ మొదలుపెట్టిన కొత్తలో ఇంకా ఎక్కువ రాలొచ్చు, చాలామంది అక్కడే భయపడి మానేస్తారు. ఫలితం తెలియాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు కావాలి, ఆపేస్తే వచ్చింది పోతుంది. ఫినాస్టెరైడ్ డాక్టర్ చీటీ లేకుండా వద్దు, కొద్దిమందిలో దాంపత్య సమస్యలు, మనసు దిగులు పడటం చూశారు, అలా అనిపిస్తే దాచుకోకుండా వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. గర్భంతో ఉన్నవాళ్ళు విరిగిన మాత్రని చేత్తో ముట్టుకోకూడదు. మందు వాడే స్తోమత, ఓపిక అందరికీ ఉండవు. వద్దనుకున్నవాళ్ళు ఓడిపోయినట్టు కాదు.

మహేంద్రగిరి_మబ్బు (పర్లాకిమిడి)

నాకు 61 ఏళ్ళు. మా మనవడు ఇది చూపించి నువ్వూ రాయి మామ్మా అన్నాడు, నేను చెప్తుంటే టైపు చేస్తున్నాడు.

నాకు రొమ్ములో గడ్డ వస్తే విశాఖలో ఆపరేషన్ చేసి కీమో ఇచ్చారు. మందు ఎక్కించిన రెండు మూడు వారాలకి జుట్టు ఊడుతుందని నర్సమ్మ ముందే చెప్పింది, చెప్పినట్టే దిండు మీద, కంచంలో, చీర మీద, ఎక్కడ చూసినా వెంట్రుకలే. క్యాన్సర్ అన్నప్పుడు ఏడవని దాన్ని అప్పుడు ఏడ్చాను. ఎందుకో మా వయసు వాళ్ళకి తెలుస్తుంది. మా అత్తగారి మేనత్తకి చిన్నతనంలోనే భర్త పోతే తల గొరిగించి మూల గదిలో కూర్చోబెట్టారు, ఆ కథ వింటూ పెరిగిన మనుషులం. బోడితలతో నేను వాకిట్లోకి వస్తే, మా ఆయన పక్కనే ఉన్నా కూడా, మా అత్తగారు చూడలేక లోపలికి వెళ్ళిపోయేది. ఆవిడ నన్ను అసహ్యించుకోలేదు. ఆవిడకి ఆ మూల గది గుర్తొచ్చేది.

నేను బొట్టు ఎప్పటికంటే పెద్దది పెట్టుకునేదాన్ని, రంగు చీరలు కట్టుకునేదాన్ని, గాజులు నిండుగా వేసుకునేదాన్ని. తలకి మాత్రం ఇంట్లో ఏమీ కప్పలేదు, ఉక్క. ఒకరోజు మా ఆయన చేతికి నూనె రాసుకుని నా మాడుకి మర్దనా చేశాడు, పెళ్ళైనప్పటినుంచి ఎప్పుడూ నా తల ముట్టుకుని ఎరగడు. కీమో అయ్యాక జుట్టు మళ్ళీ వచ్చింది, రింగులు రింగులుగా, తెల్లగా. ఇదీ బాగానే ఉంది.

అమ్మాయీ, పట్టునేతా, ఆడవాళ్ళ గురించి నువ్వు రాసింది నిజం. పూలు జడకే పెట్టుకోవాలని ఎవరు చెప్పారు, రెండు చామంతులు చెవి పక్కన క్లిప్పుకి గుచ్చుకో, నిలబడతాయి.

పట్టునేత (బరంపురం)

మామ్మగారూ, మీ కాళ్ళకి దండం. ఈ వారమే పెట్టుకుంటాను.

రాత్రి_బండి

పేరు, ఊరు రాయలేను. నాకు 22. విగ్గు అతికించుకుని తిరుగుతున్నాను, హాస్టల్లో స్నానానికి అందరూ పడుకున్నాక వెళ్తాను. ఇంటికెళ్ళడం మానేశాను. కొన్ని నెలలుగా నిద్ర లేదు. ఇలా బతకడం ఎందుకు అని రోజూ అనిపిస్తోంది. జుట్టు కోసం ఇలా అనుకుంటున్నానంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

నాగావళి_నీళ్ళు (రాయగడ)

తమ్ముడూ, ఇక్కడ ఎవరూ నవ్వడం లేదు. నువ్వు ఇది రాయడం మంచి పని. ఇప్పుడు నీ పక్కన ఎవరైనా ఉన్నారా? ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఉందా, సూటిగా చెప్పు, ఏం చెప్పినా వింటాం. మెలకువగానే ఉన్నాను.

ఓపీ_సిస్టర్ (కోరాపుట్)

బాబూ, 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అని ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. జుట్టు గురించి అని చెప్పడానికి సిగ్గుపడకు, ఇలాంటి ఫోన్లు వాళ్ళకి కొత్త కాదు. ఈ రాత్రి ఒంటరిగా ఉండకు, రూమ్మేట్‌ని లేపు, కారణం చెప్పక్కర్లేదు, ‘నాకు బాలేదు, పక్కన కూర్చో’ అంటే చాలు. నిద్ర లేకపోవడం, ఇంటికెళ్ళకపోవడం, బతకాలనిపించకపోవడం, ఈ మూడూ కలిశాయంటే డిప్రెషన్ అయ్యుండొచ్చు, దానికి వైద్యం ఉంది. జుట్టు సంగతి తర్వాత చూద్దాం.

రాత్రి_బండి

రూమ్మేట్ లేచాడు. పక్కనే ఉన్నాడు. ఫోన్ చేశాను, ఒకావిడ చాలాసేపు మాట్లాడారు, తెలుగులోనే. రేపు మళ్ళీ చేస్తామన్నారు. విగ్గు సంగతి వాడికి ఎప్పుడో తెలుసట, నేను బాధపడతానని అడగలేదట.

తెరుబలి_కాలనీ (రాయగడ జిల్లా)

ఇది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను బట్టతల ఉన్నాయన్ని చేసుకున్నదాన్ని, ఎనిమిదేళ్ళైంది. వంశధార తమ్ముడూ, పెళ్ళిచూపుల గురించి అటువైపు నుంచి చెప్తాను. మాకు పంపిన ఫొటోలో జుట్టుంది, మనిషికి లేదు. ఆ రోజు మా ఇంట్లో గొడవైంది, ‘ఫొటో విషయంలోనే ఇలా చేస్తే ఉద్యోగం, ఆస్తి సంగతి ఏం నమ్మాలి’ అని మా నాన్న. ఆయన నాతో విడిగా మాట్లాడుతూ ‘ఫొటో మా అక్క పంపింది, నాకు తెలిసేసరికి మీరు బయల్దేరారు, నేనిలాగే ఉంటాను’ అన్నారు. నాకు ఆ సూటితనం నచ్చింది. జుట్టు గురించి ఆలోచించలేదంటే అబద్ధం, ఆలోచించాను, ఒకటి రెండు రోజులు. తర్వాత ఆయన ఎలా మాట్లాడతాడు, వాళ్ళమ్మతో ఎలా ఉంటాడు అనేవే చూశాను. నువ్వు ఇప్పటి ఫొటో పంపించు. కాదనేవాళ్ళు ఇంట్లో కూర్చునే కాదంటారు, నీ ఎదుట ముఖం మార్చుకోవాల్సిన పని వాళ్ళకీ ఉండదు, నీకూ ఆ నరకం ఉండదు.

వంశధార_గట్టు (గుణుపురం)

అందరివీ మళ్ళీ మళ్ళీ చదివాను. కొన్ని అమ్మకి కూడా చదివి వినిపించాను, మామ్మగారిది విని అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

కొత్త ఫొటో తీయించి పలాస పంపాం. వాళ్ళ దగ్గర్నుంచి మళ్ళీ ఫోన్ రాలేదు. బాధేసింది, చాలానే. కానీ దసరా తర్వాత ఏమవుతుందోనని రోజూ పడే టెన్షన్ పోయింది. నాన్నతో కూర్చుని ‘నీకు జుట్టు పోయినప్పుడు ఎలా అనిపించింది’ అని మొదటిసారి అడిగాను. పెళ్ళైన కొత్తలో అమ్మతో సినిమాకి వెళ్ళడానికి సిగ్గుపడేవాడినని, అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో తలకి తువ్వాలు చుట్టుకునే తిరిగేవాడినని చెప్పాడు. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదట. ఆఫీసులో ‘చందా’ అన్నవాళ్ళలో ఒకతనికి, నాకు దగ్గరివాడికి, అలా పిలవొద్దని ఒడియాలోనే చెప్పాను. ‘ముందే చెప్పాల్సింది భాయ్’ అన్నాడు. మిగతావాళ్ళు ఇంకా అంటున్నారు. చర్మ డాక్టర్‌కి ఒకసారి చూపిస్తాను, మందు వాడాలా వద్దా అన్నది ఆ తర్వాత.

కత్తెర అన్నా, పక్కకి దువ్వడం మానేసి మొత్తం పొట్టిగా తీయించుకుందామనుకుంటున్నాను. ఆదివారం గుణుపురం బండికి పర్లాకిమిడి వస్తే షాపు తెరిచి ఉంటుందా?

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ)

బ్రిడ్జి దాటి వరంగల్ పోయి చూపించినం. పేనుకొరుకుడే అన్నరు, తామర కాదు, పూత మందు రాసిన్రు. చీటీ కూడా తీసుకున్న. టీచర్ క్లాసులో చదివిండు. బెంచీ మారిన పిల్ల ఇంకా పక్కకి రాలేదు గాని, మధ్యాహ్నం అన్నం మా బిడ్డతోనే తింటున్నదట. గురిగింజలు అత్తమ్మే తీసి పారేసింది, విషమని ఆమెకు తెల్వదు.

కత్తెర_దువ్వెన (పర్లాకిమిడి)

వంశధార తమ్ముడూ, ఆదివారం రద్దీగా ఉంటుంది, పదిమంది మధ్యలో నీకు ఇబ్బందైతే పొద్దున్నే రా, ఏడు లోపల నేనొక్కణ్ణే ఉంటాను. బండి ఆ టైముకి కుదరకపోతే సాయంత్రం షాపు మూసే ముందు రా, ఎదురుచూస్తాను. మంగళవారం మాత్రం సెలవు. అమ్మతో ముందే చెప్పి రా, పూర్తి గుండు కాదు, పొట్టిగా తీయించుకోవడమే అని, లేకపోతే గుమ్మంలో కంగారు పడుతుంది.